తెర పడిన కాలంలో పద్యనాటకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

2020 మార్చి 25 శార్వరి ఉగాది. దేశమంతా కరోనా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. పందిళ్ళలో ఆడటానికి ఒప్పుకున్న పద్యనాటక సమాజాలు కట్టిన పెట్టెలు కట్టినట్టే ఉంచి ఇళ్ళలో కూర్చున్నాయి. మరుసటి ఏడు నవమి ఏప్రిల్ 21న వచ్చేసరికి రెండో వేవ్ ముంచుకొచ్చింది. వరసగా రెండు నవమి సీజన్లు పోవడమంటే ఏమిటో ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు కళాకారులకు ఒకరు చెప్పక్కర్లేదు. 2020 జూలైలో ఒడిశా మొత్తం మీద ఎక్కువ కేసులున్నది గంజాం జిల్లాలోనే. అటు శ్రీకాకుళం జిల్లాకూ ఇటు ఒడిశాకూ మధ్య రాకపోకలు ఆగిపోయి, ఒకే సమాజంలోని మనుషులు సరిహద్దుకు చెరోపక్క ఉండిపోయారు. అప్పుడు ఏ ఉపాయం పనికొచ్చింది, ఏది రాలేదు, మళ్ళీ అలాంటి రోజులొస్తే ఎలా సిద్ధంగా ఉండాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు. హార్మోనిస్టు, మేకప్‌మ్యాన్, సమాజం లెక్కలు చూసే కార్యదర్శి కలిసి రాసినవి.

మా హార్మోనిస్టుగారిది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం, నాది పర్లాకిమిడి. దారులు మూసేసినప్పుడు వీడియో కాల్‌లో రిహార్సల్ చేద్దామని చూశాం. ఆయన వాయించేది ఎప్పుడూ వెనకబడేది. హార్మోనియం మధ్యమధ్య వినిపించేదే కాదు. నెట్ బాగుంటే కుదురుతుందా అండి? — ఒక పాత్రధారి, పర్లాకిమిడి

కుదరదండి. ఇందులో మీ తప్పూ లేదు, ఆయన తప్పూ లేదు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. స్టేజీ మీద హార్మోనియం మీకు మూడు మీటర్ల దూరంలో ఉంటే స్వరం మీ చెవిన పడటానికి సెకనులో నూరో వంతు కూడా పట్టదు. ఆ ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటిందంటే కలిసి పాడటం, వాయించడం కష్టమవుతుంది. వీడియో కాల్‌లో ఒక వైపుకే 100 నుంచి 200 మిల్లీసెకన్లు పట్టడం మామూలు. మీ గొంతు ఆయనకు ఆలస్యంగా చేరుతుంది, ఆయన వాయించింది మీకు మళ్ళీ అంత ఆలస్యంగా వస్తుంది. పద్యంలో హార్మోనిస్టు పని ముందే కట్టుకున్న బాణీ వాయించడం కాదు గదా. మీ గొంతు ఎటు పోతే అటు వెంట రావాలి, పాదం చివర మీరు రాగం వదిలిన చోట అందుకోవాలి. కాల్‌లో పోయేది సరిగ్గా ఆ వెంట రావడమే.

హార్మోనియం వినిపించకపోవడానికి కారణం వేరు. కాల్ యాప్‌లు మాటను ఉంచి, ఆగకుండా వచ్చే మోతను ఫ్యాను చప్పుడుగా లెక్కగట్టి అణిచేస్తాయి. పట్టి ఉంచిన శ్రుతి వాటికి అలాగే వినపడుతుంది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అమరిక ఆన్ చేస్తే ఆ అణచివేత తగ్గుతుంది గాని ఆలస్యం మాత్రం పోదు.

కాబట్టి ఇద్దరూ ఒకేసారి చేయాలన్న పట్టుదల వదిలేసి, ఒకరి తర్వాత ఒకరు రికార్డు చేయడమే దారి. పద్యానికి తాళం లేకపోవడం ఇక్కడ మనకు కలిసొచ్చింది. సినిమా పాటలా ముందు తాళం, తర్వాత వాద్యం, ఆఖర్న గొంతు అనే వరస పెట్టుకోనక్కర్లేదు. గొంతే ముందు రావచ్చు.

మొదట హార్మోనిస్టుగారు తన పెట్టె మీదే మీ శ్రుతి పట్టి, పది నిమిషాలు రికార్డు చేసి పంపాలి. ఫోన్‌లోని శ్రుతి యాప్ వాడకండి. యాప్ నేటి ప్రామాణిక స్థాయికి కట్టి ఉంటుంది. పాత హార్మోనియంలు, అందులోనూ కాలు హార్మోనియంలు, దానికి కొద్దిగా పైనో కిందో ఉంటాయి. మీరు యాప్‌తో రెండు శ్రుతిలో (హార్మోనియం రెండో తెల్ల మెట్టు మీద) పాడి, ఆయన తన పెట్టెలో రెండు శ్రుతి పట్టి వాయిస్తే రెండూ కలిపినప్పుడు అలలు అలలుగా కొట్టుకుంటాయి. అది తర్వాత సరిదిద్దాలంటే చాలా కష్టం.

ఆ శ్రుతిని ఒక ఫోన్‌లో పెట్టి, వైరున్న ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. రెండో చెవి తెరిచి ఉంచితేనే మీ గొంతు మీకు తెలుస్తుంది. బ్లూటూత్ వద్దు, అందులోనూ ఆలస్యం ఉంది. రెండో ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి దానిమీద రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి. గోడకు ఎదురుగా నిలబడకండి. ఎదురుగా రెండు బొంతలు వేలాడదీస్తే గది మోత తగ్గుతుంది. ఫోన్ నోటికి రెండు జానల దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. తార స్థాయికి వెళ్ళేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేయండి. అక్కడ గొంతు పగిలినట్టు రికార్డయితే ఇక బాగుచేయడానికి వీలుండదు. ముందే పద్యంలో అన్నిటికన్నా పైకెళ్ళే పాదం పాడి, విని, దూరం ఖాయం చేసుకోండి.

పద్యం ఎత్తుకునే ముందు సమాన ఎడంతో నాలుగు చప్పట్లు కొట్టి, మూడు లెక్కపెట్టి మొదలుపెట్టండి. రాగం తీసిన చోట హార్మోనిస్టు అందుకోవడానికి నాలుగైదు సెకన్లు ఖాళీ వదలండి. చాలామంది ఇది మరిచిపోయి పాదం వెంట పాదం తోసుకుపోతారు. అప్పుడు ఆయనకు చోటే ఉండదు. ఆయన మీ రికార్డింగు ఇయర్‌ఫోన్‌లో వింటూ, మీ ఆఖరి చప్పట్టుతో సరిగ్గా కలిసేలా తానూ ఒకటి కొట్టి, వాయించి పంపుతారు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు చప్పట్లనూ ఒకదాని కింద ఒకటి చేర్చితే చాలు, మిగతాదంతా సర్దుకుంటుంది.

రాయబారం లాంటి సంభాషణ సీన్లకు మాత్రం ఇది చాలదు. ఎవరి మాటలు వాళ్ళు విడిగా రికార్డు చేసి అతికిస్తే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. ఎదుటి పాత్రధారి మాటలను ఆయన గొంతుతోనే పూర్తిగా రికార్డు చేయించుకుని, అది వింటూ మీ మాట చెప్పండి. కనీసం కోపం ఎంతవరకూ పెరిగిందో తెలుస్తుంది.

హార్మోనియం రెండేళ్ళపాటు సరిగా తీయలేదు. ఇప్పుడు ఒక మెట్టు నొక్కకుండానే మోగుతోంది, రెండు అసలు పలకవు, గాలి నిలవడం లేదు. బాగుచేసేవారికి ఇచ్చే ముందు మేం చేయగలిగేది ఏమైనా ఉందా? — ఒక సమాజం కార్యదర్శి, బరంపురం

ఉంది. ఆ మూడూ మూడు వేరువేరు జబ్బులు. గోపాలపురం సముద్రం అంత దగ్గర్లో ఉండగా ఉప్పుగాలి, తేమ మీ పెట్టెను వదలవు. ముందుగా పై మూత తీసి, మూడు రోజులు పొడి గదిలో నీడన ఉంచండి. ఎండలో పెట్టొద్దు. చెక్క బీటలిస్తుంది, అతుకుల జిగురు వదులుతుంది.

తర్వాత గాలి చూడండి. స్టాపర్లన్నీ మూసి తిత్తి కొట్టండి. నాలుగైదు సార్లకే అది చేతికి ఎదురు తన్నాలి. మెత్తగా లోపలికి పోతోందంటే గాలి ఎక్కడో కారుతోంది. తిత్తి మడతల మూలల్లో చేయి తడిపి పట్టి చూస్తే చల్లగా తగులుతుంది. చిన్న చిల్లయితే పలచటి మేక తోలు ముక్క, ఫెవికాల్ చాలు. సెలోటేపు అంటించకండి, నెల తిరక్కముందే ఊడి, తోలు మీద జిగట మిగులుతుంది. ఎలుక కొరికిన తిత్తయితే మొత్తం మార్పించాల్సిందే.

నొక్కకుండా మోగే మెట్టు కింద గాలి రంధ్రం పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. మెట్టుకు అడుగున ఉన్న తోలు అట్టకూ చెక్కకూ మధ్య దుమ్ము చేరిందేమో మెత్తని బ్రష్షుతో తుడిచి చూడండి. కాకపోతే చెక్క ఉబ్బి పక్క మెట్టుకు రాసుకుంటూ ఉంటుంది. ఆరబెట్టాక కూడా రాసుకుంటుంటే పక్కవైపు మాత్రమే సన్నని ఉప్పుకాగితంతో రెండు సార్లు రుద్దండి. మూడోసారి రుద్దేముందు బిగించి చూడండి. వర్షాకాలంలో ఉబ్బినప్పుడు బాగా అరగదీస్తే వేసవిలో మెట్టు ఊగుతుంది. ఈ రెండూ కాకపోతే స్ప్రింగు నీరసించింది.

పలకని స్వరానికి కారణం ఎక్కువగా రీడు నాలుకకూ చట్రానికీ మధ్య ఇరుక్కున్న ఒక పోగో దుమ్ము రేణువో. పలచటి కాగితాన్ని నాలుక కొసవైపు నుంచి జొనిపి మెల్లగా లాగండి. నాలుకను గోటితో పైకెత్తకండి. కాస్త వంగినా ఆ స్వరం ఆలస్యంగా పలుకుతుంది, పద్యం మధ్యలో అది తెలిసిపోతుంది. ఇత్తడి మీద పచ్చగా చిలుము కనిపిస్తే పొడి బ్రష్షే వాడండి. కిరసనాయిలు, కొబ్బరినూనె, చింతపండు ఏదీ తగలనివ్వొద్దు. నూనె పూస్తే దుమ్ము అంటుకుని ఇంకో నాలుగు స్వరాలు పోతాయి.

స్వరం తప్పిందని మాత్రం ఇంట్లో గీకకండి. నాలుక కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. సూత్రం అంత తేలికే గాని ఒక్క గీత ఎక్కువైతే ఆ ఇత్తడి మళ్ళీ రాదు. ఆ పని తెలిసినవారికే వదిలేయండి.

ఇకమీదట నాటకాలున్నా లేకపోయినా వారానికి రెండుసార్లు పదిహేను నిమిషాలు అన్ని మెట్లూ వాయించాలి. పెట్టెను నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి కప్పి, లోపల ఎండిన వేపాకు మూట, సిలికాజెల్ పొట్లాలు వేయండి. తబలాకు కూడా నీడే మంచిది. ఎండ తగిలితే మధ్యలోని నల్లటి పూత పెళ్ళలు లేస్తుంది.

హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను ఒకటి తీసి యూట్యూబ్‌లో పెట్టాం. డబ్బు రాలేదు సరికదా, కాపీరైట్ అని నోటీసు వచ్చింది. పద్యాలు వందేళ్ళ నాటివి, గొంతు మాది. ఇదెలా? — జయపురం

రెండు సంగతులు కలిసిపోయాయి. నోటీసు ఎక్కువసార్లు రికార్డింగు గురించే వస్తుంది. సీను మధ్య పాత క్యాసెట్టులోని నేపథ్య సంగీతం పది సెకన్లు వాడినా యంత్రం పట్టేస్తుంది. అది తీసేసి సొంత హార్మోనియం పెట్టండి.

రెండోది సాహిత్యం. మన చట్టం ప్రకారం కవి మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళవారు 1950లో పోయారు గనుక వారి పాండవోద్యోగ విజయాలు నాటకాల పద్యాలకు 2011 నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాటిసీను అలా కాదు. అందులో చాలామంది పాడే శ్మశాన పద్యాలు నాటకకర్తవి కావు, గుర్రం జాషువాగారివి. ఆయన 1971లో కన్నుమూశారు. ఆ పద్యాలకు 2031 డిసెంబరు 31 దాకా హక్కు నడుస్తుంది. ఊళ్ళో స్టేజీ మీద పాడినన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నెట్‌లో పెట్టేసరికి ప్రశ్న వస్తుంది. వారసుల అనుమతి తీసుకోండి. కవి పేరు ఎలాగూ వేయాలి. పేరు వేసినంతమాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు.

డబ్బు సంగతి. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం ఉండాలి. ఒక్క సీను పెట్టి అంత చేరడం జరగని పని. ఆ రోజుల్లో డబ్బు కళ్ళజూసే దారి వేరే: తెలిసిన రసికులకు, హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉన్న ఊరివాళ్ళకు సీను పంపి, తెర మీద యూపీఐ కోడ్ పెట్టి, మొత్తం సమాజం ఖాతాకే రప్పించడం.

లండన్‌లోని నేషనల్ థియేటర్ 2020 ఏప్రిల్ 2న, మన నవమి రోజే, తన నాటకాలను వారానికొకటి యూట్యూబ్‌లో ఉచితంగా చూపించడం మొదలుపెట్టింది. హాళ్ళు మూతపడ్డ పక్షం రోజుల్లో అదెలా సాధ్యమైందంటే, 2009 నుంచి సినిమా హాళ్ళలో చూపడానికి చాలా కెమెరాలతో తీసి ఉంచుకున్నవి చేతిలో ఉన్నాయి. మనవాళ్ళలో చాలామంది దగ్గర పెళ్ళి వీడియోలు తీసినట్టు దూరం నుంచి తీసినవి తప్ప ఏమీ లేవు. హాలు తెరిచి ఉన్నప్పుడే తీసి ఉంచుకోవాలి. రాత్రంతా సాగే నాటకం మొత్తం వద్దు. 1080 నాణ్యతలో గంటకు 5 నుంచి 8 జీబీ పడుతుంది. మంచి సీన్లు మూడు ఎంచుకోండి. ఒక ఫోన్ స్టేజీ అంతా కనిపించేలా కదలకుండా, ఒకటి దగ్గరగా. ముఖం మీద వేలు నొక్కిపట్టి వెలుతురు లాక్ చేయండి. లేకపోతే కిరీటం తళుక్కుమన్నప్పుడల్లా ముఖం నల్లబడుతుంది. ధ్వని ఫోన్‌తో కాదు, మైకుసెట్టు మిక్సర్ నుంచే విడిగా తీసుకోండి.

దసరాకు కుదుర్చుకున్న నాటకం ఆగిపోయింది. అడ్వాన్సు తిరిగిచ్చేయమని కమిటీవాళ్ళు, ఖర్చయిపోయిందని మేము. మాటామాటా పెరిగి మళ్ళీ పిలవడమే మానేశారు. కాగితం ఎలా రాసుకోవాలి? — గుణుపురం

చాలా ఊళ్ళలో జరిగిందే ఇది. పైగా ఆగిపోయిందని ఎవరు చెప్పాలన్నదే అప్పట్లో తేలలేదు. కేంద్రం 2020 సెప్టెంబరు 21 నుంచి ఆరుబయటి రంగస్థలాలకు, అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో హాళ్ళకు అనుమతిచ్చింది. కాని రాష్ట్రమూ కలెక్టరూ ఇంకా బిగించవచ్చు. కేంద్రం సరేనంది కాబట్టి మీరే రాలేదని కమిటీ, కలెక్టరు వద్దన్నారు కాబట్టి మీరే ఆపారని సమాజం. అందుకని కాగితంలో ‘ప్రభుత్వ ఆంక్షలు’ అని ఊరికే రాయకుండా, ‘ప్రదర్శన జరిగే జిల్లా యంత్రాంగం అనుమతి లేకపోతే’ అని స్పష్టంగా రాయండి.

ఉదాహరణకు 60,000కు ఒప్పుకుని 15,000 అడ్వాన్సు తీసుకున్నారనుకుందాం. బండికి, డ్రస్సుల కంపెనీకి కలిపి 7,000 ముందే కట్టారు. ఆగిపోతే ఆ 7,000 చెరిసగం. మిగిలిన 8,000కు కమిటీ భరించనక్కర్లేని 3,500 కలిపి, 11,500 పన్నెండు నెలల్లోపు ఇంకో తేదీకి జమ. నగదు తిరిగివ్వడం కన్నా తేదీ మార్చడమే ఇద్దరికీ మేలు, సంబంధం నిలుస్తుంది. ఖర్చుకు రసీదు చూపాలనీ, తేదీకి ఎన్ని రోజుల ముందు చెబితే ఏమిటన్నదీ రాయండి. రెండు ప్రతులు, ఇద్దరు సాక్షులు, మీకు తెలుగు, వారికి ఒడియా అవసరమైతే రెండు భాషల్లోనూ.

సమాజం లోపల కూడా ఒక ఏర్పాటు కావాలి. ప్రతి ప్రదర్శన నుంచి నూటికి ఐదు చొప్పున పక్కన పెట్టండి. 60,000కు 3,000. ఇరవై నాటకాలయ్యేసరికి ఒక ప్రదర్శన సొమ్ము నిలవ ఉంటుంది. ఒకరి సొంత ఖాతాలో వేస్తే తగువు ఖాయం, ఇద్దరి సంతకాలుండే ఖాతా తెరవండి. ఎవరికి ముందు ఇవ్వాలో కూడా ఇప్పుడే రాసుకోండి. మా అభిప్రాయం ఖచ్చితమైనది: ముందు హార్మోనిస్టు, తబలిస్టు, మేకప్‌మ్యాన్, తెరలు లాగే కుర్రాళ్ళు. పాత్రధారుల్లో చాలామందికి ఉద్యోగమో పొలమో ఉంటుంది. వీళ్ళకు నాటకం తప్ప ఇంకో ఆధారం ఉండదు, వన్స్‌మోర్‌లకు చదివించే డబ్బూ వీళ్ళ దాకా రాదు.

చాన్నాళ్ళు పాడకపోయేసరికి గొంతు పైకి లేవడం లేదు. ఊపిరి పాదం మధ్యలోనే అయిపోతోంది. — రాయగడ

పాత శ్రుతికి ఒక్కసారే వెళ్ళకండి. రెండు శ్రుతిలో పాడేవారు ఒకటికి దిగి మొదలుపెట్టండి. రోజూ పొద్దున్న పది నిమిషాలు మంద్రంలో నోరు మూసి స్వరం పట్టడం, తర్వాత పది నిమిషాలు సన్నని స్ట్రాలోంచి ఊదుతూ అదే స్వరం. స్ట్రా గొంతు మీద ఒత్తిడి తగ్గిస్తుంది. ఆపైన ఒకే ఒక్క పద్యం. పాదాన్ని రెండు ఊపిరుల్లో పాడటం తప్పు కాదు. యతి స్థానం దగ్గర ఆగితే విననూ బాగుంటుంది. రెండు వారాలు ఇబ్బంది లేకపోతే అర శ్రుతి పెంచండి. దగ్గు వచ్చేదాకా పాడొద్దు. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ముందు మామూలు డాక్టరుకు చూపించాలి, మిరియాల పాలతో సరిపెట్టుకోకూడదు.

డ్రస్సుల పెట్టె తీస్తే వెల్వెట్ మీద బూజు, జరీ నల్లబడింది. మేకప్ సామాను వాడొచ్చా? — కాశీనగర్

బూజును ఆరుబయట, మూతికి గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్షుతో ఒకే వైపు దులపండి. తడి గుడ్డతో తుడిస్తే లోపలికి దిగుతుంది. నీడన ఆరేసి, మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టండి. జరీకి కలరా ఉండలు నేరుగా తగలకూడదు, నల్లబడటానికి అదీ ఒక కారణం. నూలు గుడ్డలో చుట్టి విడిగా ఉంచాలి. వాసన మారిన, పైన నూనె తేలిన మేకప్ క్రీములు, కాటుక పారేయండి. మిగతావి డబ్బాలోంచి వేలితో తీయకుండా చెంచాతో ఎవరిది వారి మూతలోకి తీసుకోవాలి. కాటుక, లిప్‌స్టిక్ ఎవరివి వారివే. కరోనా పోయినా కళ్ళకలక పోలేదు.

నాటకాలు లేని కాలంలో ప్రభుత్వ సాయం కోసం తిరిగితే ఇటు తెలుగువాడివన్నారు, అటు ఒడిశావాడివన్నారు. ఎక్కడ అడగాలి? — పర్లాకిమిడి

భాష కాదు, నివాసం లెక్క. రేషన్ కార్డు, ఆధార్ ఒడిశా చిరునామాతో ఉంటే ఒడిశా ప్రభుత్వపు ముఖ్యమంత్రి కళాకార్ సహాయతా యోజన కింద జిల్లా సాంస్కృతిక అధికారి కార్యాలయంలో అడగాలి. 60 దాటి ఆదాయం తక్కువగా ఉన్నవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ పింఛను పథకం విడిగా ఉంది. 16 నుంచి 59 ఏళ్ళవారు, పీఎఫ్ గాని ఈఎస్‌ఐ గాని లేనివారు, 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో నమోదు చేసుకోవచ్చు. అది అసంఘటిత కార్మికుడిగా గుర్తింపే, నెలనెలా డబ్బు కాదు.

ఎక్కడికి వెళ్ళినా మీరు కళాకారులని రుజువు అడుగుతారు, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. తేదీ, ఊరు, మీ పేరు ఉన్న కరపత్రాలు, పత్రికల కత్తిరింపులు, కమిటీలు ఇచ్చిన ఉత్తరాలు ఏడాదివారీగా ఒక ఫైలులో పెట్టండి. కరపత్రంలో హార్మోనియం, మేకప్, తెరలు చూసేవారి పేర్లు కూడా తప్పకుండా అచ్చు వేయించండి. పాత్రధారుల పేర్లే వేసి, వారివి ‘తదితరులు’లో కలిపేస్తే వారి దగ్గర చూపించడానికి ఏ కాగితమూ ఉండదు.